పక్కింటివాళ్ళ రిట్‌తో ఇంటి పని ఆగిపోతే: కేసు త్వరగా తేలాలంటే ఏం చేయాలి

ముందు ప్రశ్న క్లుప్తంగా. హైదరాబాద్ శివారులో 267 గజాల ప్లాటు. జీ ప్లస్ టూకి మున్సిపాలిటీ పర్మిషన్ వచ్చింది. పునాదులు పోసి ఒక స్లాబు వేశాక పక్కింటాయన హైకోర్టులో రిట్, అంటే మున్సిపాలిటీ చర్యని ప్రశ్నించే పిటిషన్, వేశారు. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, సరిగ్గా వదల్లేదనీ, ప్లాటులో కొంత భాగం లేఅవుట్ పార్కుదనీ ఆయన ఆరోపణ. మొదటి రోజే స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచి పని ఆపమన్న ఉత్తర్వు, వచ్చింది. ఏడాది దాటింది, వాదన జరగలేదు. ఒకపక్క లోన్ వడ్డీ, ఇంకోపక్క అద్దె. "ఇలాంటివి తొందరగా తేల్చడానికి వేరే కోర్టు ఏదీ లేదా, ఉన్న కోర్టులోనే స్పీడప్ చేసే దారి ఉందా" అని అడిగారు.

నేను మున్సిపల్ రిట్లే ఎక్కువగా చూస్తాను, కట్టేవాళ్ళ తరఫునా ఆపేవాళ్ళ తరఫునా. అందుకని పక్కింటాయన్ని విలన్‌గా చూసే ఉద్దేశం నాకు లేదు, ఆయన చెప్పేది నిజమయ్యే అవకాశం కూడా లేకపోలేదు, దాని సంగతి కిందకి వస్తాను. జడ్జిలు తక్కువ, కేసులు ఎక్కువ అని అందరూ అంటారు, అబద్ధం కాదు, కానీ దాని గురించి మీరూ నేనూ చేయగలిగింది ఏమీ లేదు. మీలాంటి కేసు ఆగిపోవడానికి మొదటి కారణం మాత్రం వేరే ఉంటుంది: తేల్చడానికి కావలసిన కాగితాలు ఒక్కసారిగా బెంచ్ ముందుకి రాకపోవడం. ఇది మీ చేతిలో ఉన్న పని. నిజానికి మీకు తప్ప ఇంకెవరికీ దాని మీద తొందర లేదు.

రిట్ ఎలా ఇరుక్కుంటుందో చూడండి. అడ్మిషన్ రోజు, అంటే రిట్ మొదటిసారి కోర్టు ముందుకి వచ్చిన రోజు, పిటిషనర్ లాయరు ఫోటోలు చూపిస్తారు, మున్సిపాలిటీ తరఫు లాయరు, అంటే స్టాండింగ్ కౌన్సిల్, లేచి ఇన్‌స్ట్రక్షన్స్ తెప్పించుకోవడానికి టైం కావాలంటారు. ఈలోగా మూడు స్లాబులూ వేసేస్తే రిట్‌కి అర్థం ఉండదు కాబట్టి కోర్టు స్టేటస్ కో ఇస్తుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేస్తారు. తర్వాతే అసలు కథ. మున్సిపాలిటీ కౌంటర్, అంటే రిట్‌కి రాతపూర్వక జవాబు, వేయాలంటే టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి పేరావారీ రిమార్కులు రావాలి, మీకు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరు ఈపాటికి వేరే సర్కిల్‌కి బదిలీ అయిపోయి ఉంటారు, కొత్తగా వచ్చినాయనకి ఈ ఫైలు గురించి పట్టింపు ఉండదు, పైగా పర్మిషన్ కరెక్టే అని సంతకం పెడితే రేపు తన మెడకి చుట్టుకుంటుందేమోనన్న భయం. కాబట్టి రిమార్కులు రావు. మిమ్మల్ని అన్‌అఫీషియల్ రెస్పాండెంట్‌గా, అంటే ప్రభుత్వ సంస్థ కాని ప్రతివాదిగా, చేర్చి ఉంటారు, మీకు పర్సనల్ నోటీసు పంపుకోవడానికి కోర్టు పిటిషనర్‌కి పర్మిషన్ ఇస్తుంది, పోస్టులో పంపి ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ ఫైల్ చేయాలి. చేతికి స్టేటస్ కో వచ్చేసిన పిటిషనర్‌కి ఆ ప్రూఫ్ ఫైల్ చేయాలన్న తొందర ఎందుకుంటుంది చెప్పండి. కేసు లిస్టులోకి వస్తుంది, సర్వీస్ కాలేదు, కౌంటర్ రాలేదు, నాలుగు వారాలు, మళ్ళీ లిస్టు, ఈసారి ఆ నంబరు దాకా రాకముందే కోర్టు లేచిపోతుంది. ఇలా ఏడాది గడవడానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు.

అందుకని మీ లాయర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "కేసు ఎప్పుడు వస్తుంది" అని కాదు. మన వకాలత్ రికార్డులోకి ఎక్కిందా, మన కౌంటర్ పడిందా, స్టే వెకేట్ చేయమని, అంటే ఎత్తేయమని, ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేశామా, దాని కాపీ పిటిషనర్ లాయరుకి ఏ తేదీన ఇచ్చాం. ఈ నాలుగింటికీ సూటిగా సమాధానం రాకపోతే మీ ఆలస్యంలో సగం అక్కడే ఉంది. నోటీసు రాలేదని ఇంట్లో కూర్చోవద్దు, కేసు ఉందని తెలిసిన రోజే వకాలత్ వేసేయవచ్చు.

వెకేట్ పిటిషన్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో రాజ్యాంగమే ఒక గడువు పెట్టింది, చాలామంది వాడుకోరు. ఆర్టికల్ 226 క్లాజ్ 3 ప్రకారం, మీకు రిట్ కాపీలు ఇవ్వకుండా, మీ మాట వినకుండా మీ మీద మధ్యంతర ఉత్తర్వు వచ్చి ఉంటే, దాన్ని రద్దు చేయమని మీరు దరఖాస్తు వేసి కాపీ అవతలి పక్షానికి ఇచ్చాక, దరఖాస్తు కోర్టుకి అందిన తేదీ, కాపీ ఇచ్చిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతదైతే దాని నుంచి రెండు వారాల్లో హైకోర్టు దాన్ని తేల్చాలి. తేల్చకపోతే ఆ ఉత్తర్వు రద్దయినట్టే అని కూడా అందులోనే ఉంది. 44వ సవరణతో వచ్చిన మాట ఇది. అయితే పదిహేనో రోజు పొద్దున్నే మేస్త్రీని పిలిచి పని మొదలుపెట్టేయకండి. ఈ గడువు కచ్చితంగా పాటించాల్సిందేనా, లేక సూచన లాంటిదా అన్న దానిమీద హైకోర్టులు తలోమాటా చెప్పాయి, మీరు మొదలుపెడితే అవతలివాళ్ళు కోర్టు ధిక్కారం కేసు వేస్తారు, అప్పుడు ఇంటి సంగతి పోయి మీ సంగతి చూసుకోవాల్సి వస్తుంది. దీన్ని వాడాల్సిన తీరు వేరు. రెండు వారాలు దాటాక మీ లాయరు బెంచ్ ముందు మెన్షన్ చేస్తూ "226(3) కింద వేసిన అప్లికేషన్, కాపీ ఫలానా తేదీన ఇచ్చాం, గడువు దాటింది" అని చెప్పాలి. మామూలుగా "కాస్త ముందుకి వేయండి సార్" అని అడగడానికీ దీనికీ చాలా తేడా ఉంది. అలా అడిగేవాళ్ళు రోజూ పదిమంది ఉంటారు.

చాలామంది ఇంకా ఆరు నెలలు దాటితే స్టే దానంతట అదే పోతుందని అనుకుంటున్నారు. 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు అలా చెప్పిన మాట నిజమే. కానీ 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జిల బెంచ్, అలహాబాద్ హైకోర్టు బార్ అసోసియేషన్ కేసులో, దాన్ని కొట్టేసింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఫలానా కేసు ఇన్ని నెలల్లో తేల్చండి అని కింది కోర్టులకి గడువులు పెట్టడం అసాధారణ పరిస్థితుల్లో తప్ప మంచిది కాదని. కాబట్టి హైకోర్టుకి గడువు పెట్టించడానికని ఢిల్లీ వెళ్ళి డబ్బు ఖర్చు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్‌లో రిట్ అప్పీల్ కూడా అంతే, వెకేట్ పిటిషన్ వేయకుండా అక్కడికి వెళితే ముందు సింగిల్ జడ్జి దగ్గరే అడుక్కోమని వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు కాగితాలు. మున్సిపాలిటీ కౌంటర్ కోసం ఎదురుచూడకండి, వాళ్ళు చెప్పాల్సింది కూడా మీ కౌంటర్‌లోనే కాగితాలతో సహా పెట్టేయండి. మంజూరైన ప్లాను, ప్రొసీడింగ్స్, ఫీజు రసీదులు, లింకు డాక్యుమెంట్లు, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఉంటే అది, లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ, లైసెన్స్ ఉన్న ఇంజినీరుతో సైటు కొలతలు తీయించి మంజూరైన ప్లాను పక్కన పెట్టి చూపించే ఒక డ్రాయింగు. మీ ఫైలు మీ దగ్గర లేకపోతే ఆర్‌టీఐ వేయండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. కొలతల డ్రాయింగు గురించి నొక్కి చెప్తున్నాను. రిట్‌లో జడ్జిగారు సాక్షుల్ని విచారించరు, మీటరు వదిలారా మీటరున్నర వదిలారా అనేది అఫిడవిట్లతో తేలదు. ఒకరు వదిలాం అంటారు, ఇంకొకరు వదల్లేదంటారు, కోర్టుకి చిరాకు వచ్చి వాయిదా వేస్తుంది. దీన్ని దాటాలంటే, ఇద్దరి సమక్షంలో జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి రెండు వారాల్లో రిపోర్టు ఇవ్వమని టౌన్ ప్లానింగ్‌ని ఆదేశించమని మీరే అడగండి. కట్టుకునేవాడే వచ్చి "కొలవండి" అంటే కోర్టు చూసే చూపే మారిపోతుంది. నేను చూసినంతలో వాయిదాల మీద వాయిదాలు పడిన సెట్‌బ్యాక్ కేసులు కొలత రిపోర్టు వచ్చాక తర్వాతి ఒకటి రెండు వాయిదాల్లో ముగిసిపోతాయి, అటో ఇటో.

అటో ఇటో అన్నాను, గమనించండి. కొలిస్తే మీరు ఓడిపోయేలా ఉంటే నన్ను స్పీడప్ గురించి అడగకండి, ముందు ఇంజినీరుతో కూర్చుని ఎంత తేడా ఉందో చూసుకోండి. పిల్లర్లు తప్పు చోట పడ్డాయా, లేక సన్‌షేడ్ ముందుకి వచ్చిందా, ఈ రెంటికీ చాలా తేడా ఉంది. సరిచేయగలిగినదైతే సరిచేస్తానని, రివైజ్డ్ ప్లాన్ పెడతానని కౌంటర్‌లోనే చెప్పడం మంచిది.

పార్కు ఆరోపణ దీనికంటే సీరియస్. టైటిల్, అంటే స్థలం ఎవరిదన్న గొడవ అయితే మీకు కొంత ఊరట ఉంది, పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ ప్రాథమికంగా హక్కు, స్వాధీనం ఉన్నాయా అని మాత్రమే చూడాలి, సివిల్ కోర్టులాగా టైటిల్ తేల్చకూడదు అని 2001లో హైదరాబాద్ పోటరీస్ కేసులో మన హైకోర్టు చెప్పింది, ఇప్పటికీ అదే చూపిస్తారు. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య హద్దు తగాదా అయితే ఈ తీర్పు చూపించి సివిల్ కోర్టుకి పొమ్మనవచ్చు. లేఅవుట్‌లో పార్కుగా చూపించిన స్థలం మాత్రం ఇద్దరి మధ్య తగాదా కాదు, కాలనీ అందరిదీ. ఇలాంటి చోట పక్కింటివాడికి కోర్టుకెళ్ళే హక్కే లేదన్న వాదన కూడా నిలవదు, ఉడిపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలు కట్టడానికి ఇచ్చిన పర్మిషన్ని అక్కడి నివాసి సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు ఆయన మాటే విన్నది. కాబట్టి ఆమోదం పొందిన లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ తెచ్చి, మీ ప్లాటు నంబరు, కొలతలు డాక్యుమెంటుతో సరిపోతున్నాయో లేదో మీరే ముందు చూసుకోండి. సరిపోతే అది మీ కౌంటర్‌లో మొదటి పేజీ కావాలి. సరిపోకపోతే కేసు ఎంత త్వరగా తేలితే మీకు అంత నష్టం, మీకు అమ్మినవాడి మీద ఏం చేయాలో ఆలోచించుకోవాలి.

ఈలోగా పని నడవడానికి ఒక మధ్యేమార్గం ఉంది, మీ లాయరు చెప్పకపోయి ఉంటే అడగండి. స్టేటస్ కోని పూర్తిగా ఎత్తేయమనకుండా సవరించమని అడగడం. "మంజూరైన ప్లాను ప్రకారమే కడతాను, రిట్ తుది ఫలితానికి కట్టుబడి ఉంటాను, కట్టేశాను కదా అని తర్వాత సానుభూతి హక్కు అడగను" అని అఫిడవిట్ ఇస్తే, మీ కాగితాలు చూడ్డానికి బాగుంటే, కోర్టులు మీ సొంత రిస్కు మీద కట్టుకోనిస్తుంటాయి. వివాదం ఒక పక్క సెట్‌బ్యాక్ గురించే అయితే ఆ పక్క వదిలేసి మిగతాది కట్టుకోనివ్వమని అడగవచ్చు. ఇందులో ఒక లాభం ఉంది, స్టే ఇక పనికి అడ్డు కానప్పుడు కేసు లాగడం వల్ల అవతలివాళ్ళకి వచ్చేదేమీ ఉండదు, వాళ్ళే హియరింగ్ కావాలని అడగడం మొదలుపెడతారు. కానీ ఆ అఫిడవిట్ మాటలకి కాదు, ఓడితే పడగొట్టాల్సి వస్తుంది. బ్యాంకు వడ్డీ చూసుకుని కంగారుపడి సంతకం పెట్టేవాళ్ళని చూశాను, ఆ పని చేయకండి.

ఇంకొక వల ఉంది. వేగంగా కనిపిస్తుంది, నిజంగా వేగం కాదు. పిటిషనర్ ఇచ్చిన కంప్లైంటు మీద మున్సిపాలిటీ ఇరుపక్షాలనీ విని ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోవాలి, అంతవరకు స్టేటస్ కో అని చెప్పి రిట్ డిస్పోజ్ చేసేస్తారు. కేసు అయిపోయిందని మీరు స్వీట్లు పంచుతారు. మున్సిపాలిటీ ఆ వారాల్లో నిర్ణయం తీసుకోదు, లేదా రెండు వాక్యాల్లో "పరిశీలించాము, తిరస్కరించాము" అని కారణాలు లేని ఆర్డరు ఇస్తుంది, దాని మీద కొత్త నంబరుతో కొత్త రిట్, కొత్త స్టేటస్ కో. చక్రం మళ్ళీ మొదటికి. డిస్పోజ్ చేస్తున్నారనిపించిన రోజు మీ లాయరు మూడు విషయాలు ఆర్డర్లో రాయించాలి: కచ్చితమైన గడువు, కారణాలతో కూడిన స్పీకింగ్ ఆర్డర్, ఆ గడువు దాటితే స్టేటస్ కో కొనసాగదన్న మాట. మూడోది అన్నిసార్లూ ఇవ్వరు, అడగడంలో పోయేదేమీ లేదు. ఆ తర్వాత ఆర్డరు కాపీ తీసుకుని కమిషనర్ ఆఫీసులో ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకోవాల్సింది మీరే. వాళ్ళ స్టాండింగ్ కౌన్సిల్ పంపుతారులే అనుకుంటే గడువు అక్కడే చచ్చిపోతుంది.

మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 450 కింద, తప్పుడు వివరాలిచ్చి పర్మిషన్ తీసుకున్నారని నోటీసు ఇస్తే, జవాబు ఆలస్యం చేయకండి. ఇప్పుడు తెలంగాణలో మీ సైజు ప్లాట్లకి ఇది మరీ ముఖ్యం. బిల్డింగ్ పర్మిషన్ల కోసం 2020 టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల లోపు ఎత్తు ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే పర్మిషన్ వస్తోంది, అంతకు మించితే 21 రోజుల్లో. చాలా మంచి మార్పు, నేను ఒప్పుకుంటాను. కానీ దాని రెండో ముఖం గురించి ఎవరూ మాట్లాడరు. పాత పద్ధతిలో ఒక ఆఫీసరు చూసి, రాసి, సంతకం పెట్టిన ఫైలు ఉండేది, కోర్టులో దాన్ని చూపించేవాళ్ళం. ఇప్పుడు ఆ ఫైలు అంటే మీరే ఇచ్చిన డిక్లరేషన్. పక్కింటాయన సవాలు చేసేది మున్సిపాలిటీ నిర్ణయాన్ని కాదు, మీ మాటని. పర్మిషన్ తీసుకోవడం ఎంత తేలికైందో దాన్ని కోర్టులో నిలబెట్టుకునే బరువు అంతా మీ మీద పడింది.

సివిల్ కోర్టులో కూడా పని ఆపమని ఇంజంక్షన్ సూట్ వేశారా అన్నది మీరు రాయలేదు. వేసి ఉంటే అక్కడ గడువు వేరు. మీ మాట వినకుండానే ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ ఇస్తే ఆ పిటిషన్ని ముప్పై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3ఏ చెప్తుంది, తేల్చకపోతే నేరుగా అప్పీలుకి వెళ్ళవచ్చని 2000లో వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే ఒకే విషయం మీద రెండు చోట్ల కేసు వేసి ఒకచోట రెండోదాని సంగతి చెప్పకపోతే, అది మీ వెకేట్ పిటిషన్‌కి చాలా బలం. రెండు కోర్టుల్లోనూ పార్టీ పేరు మీద వెతకండి, ఈ-కోర్ట్స్ యాప్‌లో అయిదు నిమిషాల పని.

ఇక మీ మొదటి ప్రశ్న, ప్రత్యేక కోర్టు. పర్మిషన్ మీద పక్కింటివాడు పోరాడటానికి మన దగ్గర ఆచరణలో నడుస్తున్న దారి రిట్ ఒక్కటే, అది వేయడానికి ఇన్ని రోజులు అన్న గడువు కూడా లేదు, ఆలస్యంగా వచ్చారని వాదించవచ్చు తప్ప. నన్నడిగితే ఆలస్యానికి వేరు అక్కడుంది. వేరే చోట ఏం చేశారో చూడండి. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్ని కోర్టులో సవాలు చేయాలంటే ఆరు వారాల్లో రావాలి, 2014 నుంచి హైకోర్టులోనే ప్లానింగ్ కోర్టు అని విడిగా ఉంది. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 1979లోనే భూ వినియోగ అప్పీళ్ళ కోసం ముగ్గురు సభ్యుల బోర్డు పెట్టుకుంది, నిర్ణయం వచ్చిన 21 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, స్థానిక సంస్థ రికార్డు పంపించాక 77 రోజుల్లో తుది ఆర్డరు రావాలి. పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో, సియాటెల్ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, 1995 చట్టం ప్రకారం 21 రోజుల్లో కేసు వేసి నోటీసులు కూడా అందించేయాలి, మామూలుగా విచారణ స్థానిక సంస్థ రికార్డు మీదే జరుగుతుంది, కొత్త సాక్ష్యాలు తెస్తానంటే కుదరదు. ఈ మూడు చోట్లా వేగం వచ్చింది జడ్జిలు పరుగెత్తడం వల్ల కాదు. రావడానికి గడువు ఉంది, రికార్డు కట్టగట్టి పంపే బాధ్యత ఎవరిదో రాసి ఉంది, వినాల్సిన చోటు ఒక్కటే.

దానికి ధర కూడా ఉంది. వాషింగ్టన్‌లోనే షెలాన్ కౌంటీ తను ఇచ్చిన హద్దుల మార్పు అనుమతి తప్పని తర్వాత తెలుసుకుని రద్దు చేయమని కోర్టుకెళితే, 21 రోజులు దాటాయి కాబట్టి కుదరదని 2002లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. తప్పని ఇచ్చినవాళ్ళే ఒప్పుకున్నా గడువు గడువే. మన దగ్గర అలాంటి గడువు పెడితే, పర్మిషన్ వచ్చిందన్న సంగతే పక్కింటివాళ్ళకి స్లాబు పడేదాకా తెలియదు, వాళ్ళ నోరు నొక్కినట్టవుతుంది. కాబట్టి ముందు పర్మిషన్ వివరాలు సైటు దగ్గర బోర్డు మీద, ఆన్‌లైన్‌లో అందరికీ కనపడాలి, ఆ తేదీ నుంచే గడువు లెక్కపెట్టాలి. మంజూరైన ప్లాను సైటులో ప్రదర్శించాలని 2024 డిసెంబరు 17 నాటి రాజేంద్ర కుమార్ బర్జాత్య తీర్పులో సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది కూడా. అదే తీర్పులో, ఆక్యుపెన్సీ లేదా క్రమబద్ధీకరణ విషయంలో యజమాని పెట్టుకున్న అప్పీళ్ళని 90 రోజులు దాటకుండా తేల్చాలని ఉంది. మీకు తర్వాత ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) దగ్గర ఇబ్బంది పెడితే ఈ మాట పనికొస్తుంది.

వేరే ట్రిబ్యునల్ పెడితే అన్నీ సర్దుకుంటాయని మాత్రం నాకు నమ్మకం లేదు. మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ చెరువుల పది కిలోమీటర్ల పరిధిలో నూనె ఫ్యాక్టరీ పెట్టే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1999లో ఎం.వి. నాయుడు కేసు అంటారు, అప్పుడే ఇలాంటి అప్పీళ్ళు వినే చోట జడ్జితో పాటు నిపుణులూ ఉండాలని కోర్టు గట్టిగా చెప్పింది. పదేళ్ళు దాటాక, 2010 చట్టంతో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ వచ్చింది. అప్పీలుకి ముప్పై రోజులు, మహా అయితే ఇంకో అరవై, ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే రాశారు. మంచి డిజైన్. కానీ రెండు తెలుగు రాష్ట్రాల కేసులూ చెన్నై బెంచ్‌కి వెళ్ళాలి, సభ్యుల పోస్టులు ఖాళీగా ఉంటే గడువు కాగితం మీదే ఉంటుంది. అందుకే నేనైతే కొత్త భవనం, కొత్త బోర్డు కంటే ముందు ఒక చిన్న రూలు అడుగుతాను: పర్మిషన్ మీద రిట్ పడి నోటీసు అందిన పదిహేను రోజుల్లో మొత్తం డిజిటల్ ఫైలుని మున్సిపాలిటీ కోర్టు రికార్డులోకి ఎక్కించాలి, కౌంటర్ రాసినా రాయకపోయినా. ఇప్పుడు పర్మిషన్లన్నీ ఆన్‌లైనే కదా, ఇందులో కష్టమేముంది. దీనికి చట్టం కూడా మార్చనక్కర్లేదు.

రిట్ వేసే వైపు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో సగం మంది వాళ్ళే అయ్యుంటారు. కేసు లాగితే మనకే లాభం అని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. స్టేటస్ కో రాకపోతే మీ కళ్ళ ముందే స్లాబులు పడతాయి, పూర్తయిన ఇంటిని పడగొట్టమనడానికి ఏ కోర్టుకైనా చేయి అంత తేలిగ్గా రాదు. కంప్లైంటు రాతపూర్వకంగా ఇచ్చి స్టాంపు వేయించుకోండి, పునాది దశలోనే రండి, తేదీలున్న ఫోటోలు తెండి. మీ ఇంటికే ప్లాను లేకపోయినా, మీరే సెట్‌బ్యాక్ మింగేసి ఉన్నా అది అవతలి కౌంటర్‌లో రెండో పేరాలోనే వస్తుంది, ముందే మీ లాయరుకి చెప్పేయండి.

ఇంకా కట్టడం మొదలుపెట్టనివాళ్ళు, గొడవ వస్తుందని అనుమానం ఉంటే, కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే పెట్టుకునే దరఖాస్తు, వేసుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద తొంభై రోజులు ఉంటుంది, మళ్ళీ వేసుకోవచ్చు. ఆ సెక్షన్ రిట్లకి వర్తించదని సాంకేతికంగా వాదించవచ్చు గానీ హైకోర్టుల్లో రిట్లకి కూడా కేవియట్లు వేస్తూనే ఉన్నారు. మొదటి రోజే మీ లాయరు నిలబడి మంజూరైన ప్లాను చూపిస్తే స్టేటస్ కో రావడం అంత సులువు కాదు, ఒకవేళ వచ్చినా షరతులతో వస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక నెల లోన్ వడ్డీ కంటే తక్కువ.

మీ విషయంలో అయితే ఇక ఆలస్యం చేయకుండా ఈ వారమే కేసు స్టేటస్ తీసి వకాలత్, కౌంటర్, వెకేట్ ఐఏ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే సెలవుల ముందే వేసేయండి, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల ముందు వారాల్లో లిస్టులు కిక్కిరిసి ఉంటాయి. పర్మిషన్‌కి కాలపరిమితి ఉంటుంది, కోర్టు స్టేలో ఉన్న కాలాన్ని మినహాయించమని ఇప్పుడే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. కేసు గెలిచాక పర్మిషన్ గడువు అయిపోయిందని తెలిస్తే మళ్ళీ మొదటి నుంచి ఫీజులు కట్టుకోవాలి. బ్యాంకుకి కూడా స్టేటస్ కో ఆర్డరు కాపీ ఇచ్చి, మిగతా విడతల విడుదల గడువు పొడిగించమని లెటరు పెట్టండి, నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.